నాలుగువందల ఇళ్ళ భోక్త

పన్నెండున్నర కావస్తూండగా భ్రమరాంబ వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి, వంటింట్లో పీట వాల్చుకుని, కంచంలో నూకల జావ వడ్డించుకుంది. కుడిచెవి వెనక జుట్టు పైకి తోసి, బొట్టుబిళ్ళంత రేకు ఒకటి అంటించుకుంది. ఇక చెయ్యి కడుక్కుని కూర్చోవడమే. మొదటి ముద్ద ఎప్పుడు తినాలో నిర్ణయించేది ఆవిడ కాదు. ఊరి చివర రుచివాహిని కేంద్రంలో, తలుపులు మూసిన గదిలో ఒంటరిగా కూర్చున్న ఆవిడ భర్త నాగాభరణం.

ముందు నాలుక మీద చల్లటి నీళ్ళ తడి తగిలింది. ఆయన ఔపోశన పట్టాడన్నమాట. ఆ నీటిచుక్క రాజమండ్రిలో నాలుగువందల ఇళ్ళలో ఒకేసారి తగిలింది. చర్చి పక్కనున్న పాస్టరుగారింట్లోనూ తగిలింది, మటన్ కొట్టు మస్తాన్ ఇంట్లోనూ తగిలింది. తమ ఆచారం ఇంత దూరం ప్రయాణం చేస్తుందని నాగాభరణం తాతముత్తాతలు కలలో కూడా అనుకుని ఉండరు. వెంటనే నెయ్యి, దాని వెనకే కందిపప్పు, పప్పులో పుల్లగా మామిడికాయ ముక్క. భ్రమరాంబ గబగబా జావ నోట్లో పెట్టుకుంది. పంటి కింద ఉన్నది నూకలు, నోటికి తెలుస్తున్నది మామిడికాయ పప్పు.

ఇదంతా వెచ్చాల ధరల వల్ల వచ్చిపడింది. అప్పటికి మూడేళ్ళుగా వానలు ముఖం చాటేశాయి. కొట్టు సూర్యారావు కందిపప్పుని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాడు. షాంపూ పొట్లాల్లా పప్పు పొట్లాలు దండకట్టి వేలాడేవి. చింతపండు ఉసిరికాయంత ఉండలు చేసి అమ్మేవాడు, నూనె చెంచాతో కొలిచేవాడు. పోపులో నాలుగు మినపగుళ్ళు ఎక్కువ పడ్డాయని అత్తాకోడళ్ళు వీధికెక్కిన రోజులవి.

నాగాభరణానిది భోక్త వృత్తి. తద్దినాలకి వెళ్ళి, ఆ ఇంటి పెద్దల పేరు చెప్పి పెట్టిన అన్నం తినడం. పోయినవాళ్ళ తరఫున తినేవాడికి సొంత ఇష్టాయిష్టాలు ఉండకూడదు. మాట్లాడకూడదు, మెచ్చుకోకూడదు, వంక పెట్టకూడదు. చివర్న కర్త నిలబడి తృప్తి కలిగిందా అని అడిగితే, కలిగింది అని చెప్పాలి. అంతే. పప్పు బీరువాలోకి ఎక్కాక తద్దినాలు చిక్కిపోయాయి. ఇద్దరు భోక్తలకి బదులు ఒకరిని పిలిచేవారు. తరవాత ఆ ఒక్కడికీ వండి పెట్టలేక స్వయంపాకం చేతిలో పెట్టేవారు. బియ్యం గుప్పెడు, అరటికాయ ఒకటి, తమలపాకు కింద దాక్కునేంత పప్పు పొట్లం.

అలాంటి కాలంలో డాక్టర్ హిమజ వాళ్ళింట్లో తద్దినం వచ్చింది. ఆ అమ్మాయిది నరాల శాస్త్రం. ఒకరి నోటి రుచిని ఇంకొకరి నోటికి పంపే యంత్రాన్ని అప్పటికే తయారు చేసింది. ఒక్కడు అసలు భోజనం చేస్తే చాలు, మిగతావాళ్ళు బలమైన పొడి కలిపిన జావ తాగుతూ అదే రుచి అనుభవించొచ్చు. పదిమందికి బదులు ఒక్కడికి పప్పు వండితే సరిపోతుంది. కానీ తినేవాళ్ళే దొరకలేదు. యాభైమందిని కూర్చోబెట్టి చూసింది. ఒకడు తింటూ కూతురి ఫీజు గురించి ఆలోచించాడు, ఒకావిడ తన వదిన వంటతో పోల్చింది, ఒకాయన ప్రతి ముద్దకీ ఆహా అన్నాడు. ఎవరి రుచీ తేటగా రాలేదు, బురదనీళ్ళలా వచ్చింది. ఒకరోజు రుచిని యంత్రంలో దాచిపెట్టి మళ్ళీ పంపిద్దామంటే అదీ కుదరలేదు. రెండోసారికి నోరు గుర్తుపట్టేసి చద్దిదని తోసేస్తోంది.

తండ్రి తద్దినంలో అన్నగారు నీళ్ళలాంటి పప్పు వడ్డిస్తూంటే, దాన్ని అమృతమనీ అనక, కషాయమనీ అనక, మనసంతా విస్తట్లో పెట్టి తింటున్న నాగాభరణాన్ని హిమజ గుమ్మంలో నిలబడి చూసింది. మర్నాడు ఉదయమే భ్రమరాంబ వాకిట్లో కారు దిగింది.

"బతికున్నవాళ్ళ తరఫున తినాలండీ, అంతే తేడా," అందా అమ్మాయి.

నాగాభరణం, "ఎవరి తరఫునైతే ఏముందమ్మా," అన్నాడు.

అది జరిగి ఎనిమిది నెలలు.

మధ్యాహ్నం మూడింటికి పక్కింటి నూకరత్నం గిన్నె పట్టుకుని వచ్చింది. వస్తూనే నవ్వింది.

"పిన్నిగారూ, ఇయ్యాల బాబాయిగారు మాంచి ఆకలి మీదున్నారండి. మా ఇంట్లో జావ గిన్నె నాకేశారంటే నమ్ముతారా? మావోడైతే, అమ్మా, బాబాయిగారు ఇంకో ముద్ద తింటే బాగుండునే అని ఒకటే గోల."

"ఆయన కొలత ఆయనకుంటుందిలేవే," అంది భ్రమరాంబ.

"నిన్న పెరుగు పులిసిందండి. ఆరికి చెప్పండి మీరు."

వీధి వీధంతా ఆయన నోటి సంగతులు ఆవిడకే చెబుతారు. ఏ పూట ఆయన పన్ను నొప్పెట్టిందో, ఏ పూట మిరపగింజ కొరికాడో అందరికీ తెలుసు. ముప్ఫైనాలుగేళ్ళు కాపురం చేసి ఆవిడ తెలుసుకోలేనిది ఊరందరికీ ఎనిమిది నెలల్లో తెలిసిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఇది.

భ్రమరాంబ నూకరత్నం గిన్నెలోకి రెండు గ్లాసుల కందిపప్పు పోసింది. తమ ఇంట్లో ఇప్పుడు పప్పుకి కరువు లేదు. భోక్త ఇంటికి నెలకి సరిపడా వెచ్చాలు కేంద్రమే పంపిస్తుంది. కందిపప్పు, మినప్పప్పు, గానుగ నూనె, గింజ తీసిన చింతపండు, ఇంగువతో సహా. డబ్బాలన్నీ నిండి, గట్టు కింద బస్తాలు కూడా ఉన్నాయి. తినేవాళ్ళే లేరు. ఆయన మధ్యాహ్నం అక్కడ తింటాడు. రాత్రి నాలుకకి విశ్రాంతి ఇవ్వాలని చప్పటి జావ తప్ప ముట్టుకోకూడదన్నారు. పిల్లలు పుట్టలేదు. తన ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించి పప్పు వండుకోవడానికి ఆవిడకి చేతులు రాలేదు. పైగా పన్నెండున్నరకి జావ ముందు కూర్చుంటే ఆయనతో కలిసి తిన్నట్టయినా ఉంటుంది. ధరలు మండిపోతున్న ఊళ్ళో, నిండు డబ్బాల మధ్య కూర్చుని ఆవిడ జావ తాగుతోంది.

భ్రమరాంబని ఒక ఆలోచన చాలాకాలంగా తొలుస్తోంది.

ఆ ఇంట్లో వండేవాళ్ళు వంట రుచి చూడరు. దేవుడికి నైవేద్యం కాకుండా గరిటె నాలుకకి తగిలితే ఎంగిలి. చేతి అంచనాతో ఉప్పూ కారం వేసి దింపడమే. ఆయనకి వడ్డించి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగేది. ఆయన జవాబు చెప్పేవాడు కాదు. భోక్త అలవాటు ఇంట్లోనూ వదల్లేదు. తల వంచుకుని, పెట్టింది పెట్టినట్టు తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. ఎక్కువైందో తక్కువైందో తాను ఆఖర్న తిన్నప్పుడే తెలిసేది. కొత్తలో ఏడ్చింది. తరవాత కోపం తెచ్చుకుంది. ఆ తరవాత అడగడం మాత్రం మిగిలింది.

ఇప్పుడు ఆయన నోరు తన నోట్లో ఉంది. కానీ అందులోకి వచ్చేది ఎవరో వంటవాళ్ళు వండిన వంట. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన చేతి వంట ఆ కుర్చీలో కూర్చుని ఆయన తింటే? ముప్ఫైనాలుగేళ్ళ జవాబు ఒక్క ముద్దలో వచ్చేస్తుంది.

మర్నాడు బస్సెక్కి కేంద్రానికి వెళ్ళి హిమజని అడిగింది. ఆ అమ్మాయి మొదట నవ్వింది, తరవాత నవ్వు ఆపేసింది.

"వంటలన్నీ నెల ముందే నిర్ణయిస్తామండీ."

"ఒక్క కూర చాలమ్మా. కంద బచ్చలి. నేను వండి తెచ్చిస్తాను. నాలుగువందల ఇళ్ళవాళ్ళకీ బాగానే ఉంటుంది. బాగాలేకపోతే..." అని ఆగింది. "బాగాలేకపోయినా తెలియాలి కదమ్మా నాకు."

హిమజ ఆవిడ కళ్ళలోకి చూడకుండా బల్లమీద కాగితాలు సర్దింది. "మంగళవారం తీసుకురండి," అంది.

మంగళవారం తెల్లవారుతూనే భ్రమరాంబ తలస్నానం చేసి, తడిబట్టతో కంద చెక్కు తీసింది. బచ్చలి కడిగి తరిగింది. చింతపండు చిక్కగా పిండింది. ఎనిమిది నెలల తరవాత మూకుడులో ఆవాలు చిటపటలాడితే ఇల్లంతా మనుషులు వచ్చినట్టనిపించింది. దింపాక ఆవ నూరి కలిపింది. అలవాటు ప్రకారం రుచి చూడలేదు. క్యారేజీలో పెట్టి, చీర కొంగు చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. హిమజ చేతికిచ్చి, పన్నెండు కాకముందే ఇల్లు చేరింది.

పీట వాల్చుకుంది. బిళ్ళ అంటించుకుంది. తనలో తను నవ్వుకుంది. పెళ్ళిచూపులకి కూర్చున్నప్పుడు కూడా ఇంత కంగారు పడలేదు.

నీళ్ళ చుక్క వచ్చింది. నెయ్యి వచ్చింది. తరవాత గుత్తొంకాయ వచ్చింది.

ముందు వేరే కూర వేశారేమో, తనది తరవాత వస్తుందనుకుంది. రెండో ముద్ద కూడా గుత్తొంకాయే. మూడో ముద్దలో పంటి కింద చిన్న రాయి పటుక్కుమంది.

భ్రమరాంబ చెయ్యి ఆగిపోయింది. ఆ రాయి ఆవిడకి తెలుసు. పోయిన నెలలో ఒకరోజు గుత్తొంకాయలో, మూడో ముద్దలో, ఎడమవైపు దంతం కింద ఇలాగే పటుక్కుమంది. అయ్యో పాపం, పన్ను కదిలిందేమో అని ఆ సాయంత్రం అడిగింది కూడా. ఒకే రాయి రెండుసార్లు ఎవరికీ తగలదు. నోట్లో రుచి చద్దిలా పేలవంగా మారింది. వీధిలో నూకరత్నం గొంతు వినిపించింది: "ఇదేంటండీ పిన్నిగారూ! వారం నుంచీ రోజు మార్చి రోజు నీరసంగా వత్తంది, ఇయ్యాలైతే మరీ పాచిపోయింది!"

వారం నుంచీనా? అంటే తాను గమనించలేదా? ఆయనతో కలిసి తింటున్నానన్న సంబరంలో ఎవరితో తింటోందో చూసుకోలేదు.

జావ అలాగే వదిలేసి బస్సెక్కింది.

నాగాభరణం కేంద్రం వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన నేలమీద ఆవిడ క్యారేజీ, కడిగి బోర్లించి ఉంది. ఆవిణ్ణి చూసి లేవబోయాడు.

"ఏమే, ఇంత ఎండలో వచ్చావు?"

"తిన్నారా?"

"తిన్నాను. అంతా తిన్నాను."

ఎలా ఉంది అని అడగబోయి ఊరుకుంది. హిమజ లోపల్నుంచి వచ్చి ఆవిణ్ణి తన గదిలోకి తీసుకెళ్ళింది. తలుపు వేసి, నిలబడే చెప్పింది.

"నలభై ఇళ్ళకని మొదలెట్టామండీ. నాలుగువందలకి పెంచాం. అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు, కాదనలేకపోయాం. నాలుక కింద నరం మీద భారం పడింది. యంత్రంలో రుచి సన్నబడుతోందని నాకు కనపడుతూనే ఉంది. రోజూ భోజనం కాగానే అడిగేదాన్ని, నాగాభరణంగారూ, రుచి తెలుస్తోందా, తృప్తిగా ఉందా అని. ఆయన రోజూ తృప్తే అన్నారు. నేను యంత్రంలోనే ఏదో లోపం ఉందనుకుని దాన్ని విప్పుకుంటూ కూర్చున్నాను. వారం నుంచీ బొత్తిగా రాని రోజుల్లో దాచి ఉంచిన పాత రుచే పంపాం, ఇవాళా అంతే."

భ్రమరాంబ ఆ అమ్మాయివైపు జాలిగా చూసింది. "అడిగినవాళ్ళకి ఆయన ఇంకేం చెబుతారమ్మా? లేదంటే ఆ ఇంటి పెద్దలకి అన్నం ముట్టనట్టు లెక్క. యాభై ఏళ్ళుగా ఆ ఒక్క మాటే చెబుతున్నారు."

హిమజ రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. తరవాత కళ్ళు తుడుచుకుని, శాస్త్రం చదివిన గొంతు తెచ్చుకుంది. నరం అలిసిపోయిందంతే, చచ్చిపోలేదు. పదిరోజులు ఇంటిపట్టున ఉండి చప్పిడి తింటే తిరిగి రావాలి. పది రోజులయ్యాక మామూలు భోజనం పెట్టి చూడమంది. ఈలోగా ఇళ్ళకి పంపడానికి కాకినాడ నుంచి ఇంకో భోక్తని పిలిపిస్తున్నారు.

"వస్తుంది కదమ్మా?"

"రావాలండీ," అంది హిమజ.

ఆ పదిరోజులూ ఇద్దరూ ఒకే వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని జావ తాగారు. భ్రమరాంబ బిళ్ళ తీసి గూట్లో పడేసింది. ఆయన ఎక్కువగా వరండాలో కూర్చుని దారిన పోయేవాళ్ళని చూసేవాడు. పన్నెండున్నర కాగానే వీధిలో ఇళ్ళన్నీ ఒక్కసారి నిశ్శబ్దమైపోయేవి. కొత్త భోక్త తింటున్నాడు. నూకరత్నం గోడ మీంచి తొంగిచూసి, "కొత్తాయన పరవాలేదండి, మజ్జిగన్నం మాత్రం బాబాయిగారిలాగా తినలేడు," అంది. నాగాభరణం మొహం ఒక్క క్షణం వెలిగి మామూలైపోయింది. ఆయన ఒంటరితనం భ్రమరాంబకి ఆ క్షణాన కనిపించింది. జీవితమంతా ఎవరెవరి తరఫునో తిన్నవాడు, ఇప్పుడు తన తరఫున తినడానికి కూర్చుంటే పక్కన ఎవరూ లేరు. తానున్నానని చెప్పాలనుకుంది. ఎలా చెప్పాలో తెలియలేదు.

పదకొండోరోజు పొద్దున్న, కాఫీ గ్లాసు అందిస్తూ అడిగింది.

"తెలుస్తోందా, రుచి?"

ఆయన గుక్క మింగి, గ్లాసులోకి చూశాడు. "తెలుస్తోంది," అన్నాడు.

భ్రమరాంబకి కాళ్ళు నేలమీద నిలవలేదు. బజారుకి పరిగెత్తి కంద, బచ్చలి తెచ్చింది. కందిపప్పు డబ్బా దించి, కొలవకుండా రెండు గుప్పిళ్ళు తీసి కడిగింది. ఈ పప్పూ ఈ చింతపండూ ఇన్ని నెలలూ ఎందుకు ఇంట్లో పడున్నాయో ఇవాళ తెలిసిందనుకుంది. పోపు వేగుతూంటే ఎవరూ లేని వంటింట్లో సన్నగా పాడుకుంది కూడా. పన్నెండుకల్లా అరిటాకు వేసి, ఆయన్ని పిలిచి, వేడన్నం వడ్డించింది. పప్పు, నెయ్యి. పక్కన కంద బచ్చలి, ఆకు మీద పచ్చగా మెరుస్తూ.

ఆయన ఔపోశన పట్టి కూర కలుపుకున్నాడు. ఒక ముద్ద తిన్నాడు. రెండు తిన్నాడు. ఆవిడ గరిటె పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది.

"ఉప్పు సరిపోయిందా?" అంది. అడిగి తీరాలి కనక అడిగింది. జవాబు కోసం కాదు.

ఆయన నోట్లో ముద్ద మింగి తలెత్తాడు.

"సరిగ్గా సరిపోయిందే."

భ్రమరాంబ విన్నది నమ్మలేక, "ఆఁ?" అంది.

"బాగుంది. చాలా బాగుంది." ఆయన గొంతు సవరించుకున్నాడు, ఇలాంటి మాటలు పలకడం కొత్త కనక. "పులుపూ ఉప్పూ దేనికది తెలుస్తున్నాయి. కంద వెన్నలా ఉడికింది. నీ చేతి కంద బచ్చలి ఎప్పుడూ ఇలాగే ఉండేది. చెప్పకూడదనుకుని చెప్పలేదు కానీ, నా అంతటివాడు రాజమండ్రిలో లేడనుకుంటూ తినేవాణ్ణి. ఇంకాస్త వెయ్యి."

వేసింది. కళ్ళు మసకలు కమ్మి ఎక్కడ వేస్తోందో సరిగ్గా కనిపించలేదు. ఆయన అదీ తిని, పప్పూ అన్నం మారు వడ్డించుకుని, ప్రతి దానికీ ఒక మాట చెప్పాడు. పప్పు కమ్మగా ఉందన్నాడు, ఇంగువ బాగా పడిందన్నాడు. ముప్ఫైనాలుగేళ్ళ మాటలన్నీ ఒక్క పూటలో తీర్చేయడానికి కూర్చున్నట్టు చెప్పాడు. ఆవిడకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఈ సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలియక, ఆయన లేచి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాక, ఖాళీ ఆకువైపు చూసి తల ఊపింది.

తరవాత తాను కూర్చుంది. కూర కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఉప్పు లేదు.

తక్కువ కావడం కాదు. అసలు పడలేదు. పప్పు నంజి చూసింది. అందులోనూ లేదు. ఎనిమిది నెలలుగా జావ పొడిలో ఉప్పు కలిసే వచ్చేది. ఆ మంగళవారం ఒళ్ళు దగ్గర పెట్టుకుని వండింది. ఇవాళ సంతోషంలో చెయ్యి దాని మానాన అది వండేసింది. ఆ చేతికి ఉప్పు వేసే అలవాటు తప్పిపోయింది.

ముద్ద నోట్లోనే ఉండిపోయింది. వరండాలో ఆయన పడక్కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. ఆయనకేమీ తెలియలేదు. ఉప్పు తెలియలేదు, పులుపూ తెలిసి ఉండదు. గడ్డి వేసినా అంతే శ్రద్ధగా తిని ఉండేవాడు. ఇక ఆయనకి తన వంట ఎలా ఉంటుందో చెప్పగలిగేవాళ్ళు ఈ లోకంలో ఎవరూ లేరు, ఆయనతో సహా. అది తెలిసే ఆయన, రాత్రంతా ఆలోచించుకుని, యాభై ఏళ్ళ నియమం ఇవాళ తెంచాడు. ఆవిడ కోసమే తెంచాడు.

"ఏమే, తింటున్నావా?" వరండాలోంచి అడిగాడు. ఎన్నడూ అడగనివాడు.

"తింటున్నానండీ."

"ఎలా ఉంది? నే చెప్పినట్టే ఉందా?"

అందులో భయం వినిపించింది ఆవిడకి. పొయ్యి గట్టు మీద ఉప్పు డబ్బా చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. భ్రమరాంబ ముద్ద మింగి, గొంతు సరిచేసుకుంది.

"బాగుందండీ," అంది పైకి వినపడేట్టు. "ఉప్పు సరిగ్గా సరిపోయింది."

ఇంకో ముద్ద కలుపుకుంది. ఆకులో ఉన్నదంతా, ఒక్క మెతుకు మిగలకుండా, అలాగే తిన్నది.